అప్‌డేట్: నా ఫైకస్‌కి తీగ చుట్టాను

కడియం నర్సరీ నుంచి తెచ్చిన ఫైకస్ మైక్రోకార్పా (మర్రి జాతి చెట్టు) బోన్సాయ్‌కి కొమ్మల్ని వంచడానికి వెంటనే లోహపు తీగ చుట్టొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. కొత్త చిగుళ్లు వేసేదాకా ఆగమన్నారు, ఆగాను. పైమట్టి కాస్త తీసి చూస్తే వేళ్లు ఒకవైపు చక్కగా పరుచుకుని ఉన్నాయి. అదే ముఖభాగం, అంటే చెట్టుని ఎదురుగా చూసే వైపు అని తేల్చుకున్నాక మిగతాదంతా తేలికైంది. ఒకే ఎత్తులో ఎదురెదురుగా ఉన్న కొమ్మల్లో ఒకటి కోసేశాను. పాలు బాగా కారాయి, తడిగుడ్డతో అద్దితే ఆగాయి. మిగిలిన కొమ్మలకి వాటి మందంలో మూడో వంతున్న అల్యూమినియం తీగని 45 డిగ్రీల వాలుగా చుట్టి, మెల్లగా కిందికి వంచాను. ఎంత బాగుందో! ఫైకస్ త్వరగా లావెక్కుతుంది కాబట్టి తీగ బెరడులోకి దిగకుండా వారం వారం చూస్తున్నాను. తీసేటప్పుడు విప్పను, ముక్కలుగా కత్తిరిస్తాను. కుండీ మార్చేది మాత్రం వచ్చే వానాకాలంలోనే. సలహా ఇచ్చినవాళ్లందరికీ చాలా థాంక్స్ అండీ.