జెండర్ స్టడీస్, కల్చరల్ స్టడీస్ ఎంఏ: ఏం చూసి చేరాలి?

పాలపిట్ట:
మా చెల్లి బీఏ ఆఖరి సంవత్సరం. జెండర్ స్టడీస్‌లో ఎంఏ చేస్తానంటోంది, లేదంటే కల్చరల్ స్టడీస్. ఇక్కడే చదవాలా, అమెరికా వెళ్లాలా? లెక్చరర్ అవ్వాలని తన కోరిక. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

మానేరుతీరం:
లెక్చరర్ అన్నారు కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడదాం. లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో విమెన్ స్టడీస్ విడి సబ్జెక్టు, కోడ్ 74; జెండర్ స్టడీస్ వాళ్లు రాసేదీ ఇదే. ఎంఏలో 55 శాతం, రిజర్వేషన్ ఉంటే 50 శాతం మార్కులు కావాలి. అదే పరీక్షలో పైస్థాయి మార్కులకిచ్చే పరిశోధన ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే మొదట్లో నెలకు 37 వేలు, పీహెచ్‌డీ సాగడానికి అది పెద్ద ఆసరా. చిక్కంతా పోస్టుల దగ్గరే. డిగ్రీ కాలేజీల్లో సోషియాలజీ, పొలిటికల్ సైన్స్ ఖాళీలు పడతాయి గానీ జెండర్ స్టడీస్ పేరుతో పడేవి అరుదు. సోషియాలజీ పోస్టుకు అప్లై చేస్తే, జెండర్ స్టడీస్ ఎంఏ సంబంధిత సబ్జెక్టు కాదని స్క్రూటినీలోనే పక్కన పెట్టొచ్చు. అందుకే ఎంఏ సోషియాలజీలో చేసి, డిసర్టేషన్ (ఎంఏలో రాసే పరిశోధనా వ్యాసం) జెండర్ మీద రాసి, పీహెచ్‌డీకి విమెన్స్ స్టడీస్ సెంటర్‌కు వెళ్లడం మేలు. స్వచ్ఛంద సంస్థల్లో పని కావాలనుకుంటే మాత్రం ఈ చుట్టుతిరుగుడు అక్కర్లేదు.

గోరింట:
సగం ఒప్పుకుంటానండీ. చాలాచోట్ల సోషియాలజీలో జెండర్ ఒకే ఒక ఆప్షనల్ పేపరు, అదీ చెప్పేవాళ్లుంటేనే నడుస్తుంది. ప్రాస్పెక్టస్ కాదు, గత రెండేళ్ల సెమిస్టర్ టైంటేబుళ్లు అడిగి చూడండి. ఏ పేపరు నిజంగా నడిచిందో వాటిలోనే తెలుస్తుంది.

తర్వాత ఫ్యాకల్టీ. చాలా విమెన్స్ స్టడీస్ సెంటర్లు యూజీసీ ప్రణాళిక నిధులతో నడిచినవి. 2017లో పన్నెండో ప్రణాళిక ముగిసినప్పుడు వాటి భవిష్యత్తే సందిగ్ధంలో పడింది. రెగ్యులర్ వాళ్లెందరో, గెస్ట్ ఫ్యాకల్టీ ఎందరో లెక్కపెట్టండి. రెగ్యులర్ ఇద్దరే ఉన్నచోట ఒకరు సెలవులో వెళ్తే డిసర్టేషన్ మధ్యలో గైడ్ మారిపోతారు.

ఇంకొకటి ఎవరూ అడగరు: గైడ్‌కు తెలుగు వచ్చా? బీడీ కార్మికురాళ్ల మీదో, జోగినీల మీదో పనిచేస్తే ఇంటర్వ్యూలన్నీ తెలుగులోనే ఉంటాయి. గంట రికార్డింగును కాగితం మీద పెట్టడానికే నాలుగైదు గంటలు పడుతుంది. గైడ్‌కు తెలుగు రాకపోతే ఆపైన అనువాదం కూడా చేసివ్వాలి, యాసలో ఉన్న పదును అక్కడే పోతుంది. ఈ విషయంలో హైదరాబాద్‌లో చదవడం లాభం. మహిళా అధ్యయనాల కోసం 1985లో మొదలైన అన్వేషి పరిశోధనా కేంద్రం కూడా అక్కడే ఉంది.

కొత్తచిగురు:
హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకైనా, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)కైనా దారి పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష, సీయూఈటీ పీజీ. 75 ప్రశ్నలు, ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. తెలియనివి వదిలేయండి. ఎక్కువమంది దెబ్బతినేది రెండుచోట్ల. ఒకటి, పేపర్ ఎంపిక: ఒకే పేరున్న కోర్సుకు ఒక్కో యూనివర్సిటీ ఒక్కో పేపర్ అడుగుతుంది. అప్లికేషన్ పెట్టకముందే ఆ యూనివర్సిటీ అర్హతల పట్టికలో పేపర్ కోడ్ సరిచూసుకోవాలి. రెండు, స్కోరు వచ్చాక సీటు దానంతటదే రాదు. ప్రతి యూనివర్సిటీ పోర్టల్‌లో విడిగా రిజిస్టర్ కావాలి. ఆ గడువు దాటిందంటే ఎంత మంచి స్కోరైనా వృథా.

డల్లాస్‌అక్క:
అమెరికా సంగతి నేను చెప్తా. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో కోర్సు పేరు పక్కన ఆరంకెల కోడ్ ఉంటుంది. జెండర్, ఎత్నిక్, కల్చరల్ స్టడీస్‌కు అది సాధారణంగా 05తో మొదలవుతుంది. అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు కాబట్టి చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలే; స్టెమ్ వాళ్లకిచ్చే 24 నెలల పొడిగింపు రాదు. అప్పు చేసి ఎంఏకు రావడం నాకు అస్సలు సమ్మతం కాదు. ఎంఏకు ఫండింగ్ తక్కువ. పీహెచ్‌డీకైతే మంచి విభాగాల్లో ఫీజు మాఫీ, స్టైపెండ్ రెండూ ఉంటాయి. ఇండియాలో చేసిన ఎంఏతో నేరుగా పీహెచ్‌డీకి అప్లై చేయడమే సరైన లెక్క.

మానేరుతీరం:
అక్క చెప్పినదానికి ఒక హెచ్చరిక. విదేశాల్లో చదువుకు కేంద్రం ఎస్సీ విద్యార్థులకిచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌ను నమ్ముకునేవాళ్లు 2022లో మారిన నిబంధన చదవాలి. భారతదేశ సంస్కృతి, చరిత్ర, ఇక్కడి సమాజం మీద పరిశోధనాంశాలకు అది వర్తించదన్నారు. కులం మీద పరిశోధన చేయాలనుకునే పిల్లలకే ఆ దారి మూసేయడం అన్యాయం. అప్లై చేసే ఏటి నిబంధనలు ముందు చూసి, ఆ తర్వాతే అంశం ఖాయం చేసుకోమనండి.