పొదుపంటే నోరు కట్టుకోవడమేనా?

లెక్కలపుస్తకం (చర్చ మొదలుపెట్టినవారు)

ఎనిమిది నెలలుగా మా ఇంట్లో ఒక్క జీతమే వస్తోంది. అంతకుముందు రెండు వచ్చేవి. అప్పటి నుంచి ప్రతి ఖర్చూ పుస్తకంలో రాస్తున్నాను. అద్దె, అప్పు వాయిదా, పిల్లల ఫీజులు, వీటిలో దేన్నీ కదిపే వీలు లేదు. నా చేతిలో ఉన్నదల్లా తిండి ఖర్చు ఒక్కటే. దాన్ని దాదాపు మూడో వంతు తగ్గించాను. పళ్ళు, మాంసం, వెన్న ఆపేశాను. మిగతావన్నీ చవక రకం తెస్తున్నాను.

మొదటి రెండు నెలలు లెక్క చక్కగా కుదిరింది. మూడో నెల నుంచి పిల్లలు కంచంలో వదిలేయడం మొదలైంది. నేను కూడా ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఏదో ఒకటి తినేసి వస్తున్నాను, ఇంట్లో చెప్పకుండా. "తిండి దగ్గర మాత్రం పిసినారితనం వద్దు, ఇంకెక్కడైనా తగ్గిద్దాం" అంటుంది నా భార్య. ఆ ఇంకెక్కడ అనేదే నాకు కనబడటం లేదు.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు రుచిగా తినాలనుకోవడం దుబారానా? తక్కువ ఖర్చుతో కూడా బాగా తినొచ్చు అనేది నిజమేనా, లేక డబ్బున్నవాళ్ళు చెప్పే మాటా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

అప్పుతీరినవాడు

మీరు చేసింది సరైన పనే. మధ్యలో ఆపకండి. ఆకలి రుచెరగదని పెద్దలు ఊరికే అనలేదు. మేం నాలుగేళ్ళు అలాగే తిన్నాం, పొద్దున మిగిలింది రాత్రికి, రాత్రి మిగిలింది పొద్దుటికి. అప్పు మొత్తం తీరింది. మంచి వంట వచ్చే ఏడాదైనా తినొచ్చు. వడ్డీ మాత్రం వచ్చే ఏడాది దాకా ఆగదు.

పిల్లలు వదిలేస్తున్నారంటే వాళ్ళకి పరిస్థితి చెప్పలేదేమో. మేం పుస్తకం తెరిచి చూపించాం. పదేళ్ళ వాడికి కూడా అర్థమైంది.

రెండుపొయ్యిలు

నేను ఒప్పుకోను. అప్పుతీరినవాడు గారూ, మీ పట్టుదలకి దణ్ణం పెడతాను. కానీ మీ లెక్కలో ఒక పద్దు రాలేదు. రుచి లేని తిండి మిగిలిపోతుంది. మిగిలింది ఒకటి రెండు పూటలు చూసి బుట్టలో పడేస్తాం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచం మొత్తం మీద ఇళ్ళు, హోటళ్ళు, దుకాణాలు కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా చేశాయి. అందులో 60 శాతం ఇళ్ళలోనే. మనిషికి ఏడాదికి 79 కిలోలు, తొక్కలూ ఎముకలూ కలుపుకుని. అది చదివాక నేను నెల రోజుల పాటు బుట్టలో పడేసిన ప్రతిదీ రాసి పెట్టాను. వాడిపోయిన ఆకుకూరలు, మెత్తబడ్డ టమాటాలు, రెండుసార్లు వేడిచేసినా ఎవరూ ముట్టని కూర. వాటిలో సగం "చవగ్గా వస్తోంది కదా" అని ఎక్కువ కొన్నవే. చాలా బాధేసింది.

ఇక రుచి సంగతి. రుచి ఖరీదైన సరుకులోనే ఉంటుందనుకుంటాం. నా అనుభవంలో అది ఎక్కువగా మూడింటి దగ్గర ఉంది. ఉప్పు చివర్లో పైన చల్లకుండా ఉడికేటప్పుడే పట్టించడం, దించే ముందు కాస్త పులుపు, బాగా వేగనివ్వడం. మూడూ చవకే. వేగడం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, చాలామంది అక్కడే పోగొట్టుకుంటున్నారు. మూకుడు నిండా ముక్కలు కుక్కితే నీరు ఊరుతుంది. నీరున్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రగా వేగాలంటే దాదాపు 140 డిగ్రీలు కావాలి. అంటే అవి వేగడం లేదు, ఉడుకుతున్నాయి. ఎడం ఎడంగా వేసి, కదపకుండా వదిలేస్తే మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి ఆ రంగు, ఆ వాసన పుట్టిస్తాయి. 1912లో మయార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వివరించిన చర్య ఇదే. ఉల్లిపాయల్ని సన్నసెగ మీద నలభై నిమిషాలు వేయించి చూడండి. అవే ఉల్లిపాయలని నమ్మలేరు.

ఇంకొకటి. మాంసం లేకపోతే కూర చప్పగా ఉందనిపించడానికి కారణం చాలాసార్లు గ్లూటమేట్ అనే రుచినిచ్చే పదార్థం తగ్గడమే. జపాన్‌లో ఇకెడా అనే ప్రొఫెసర్ 1908లో సముద్రపు నాచు కాచిన నీళ్ళ నుంచి దాన్ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. బాగా పండిన టమాటాల్లో, ఎండబెట్టిన పుట్టగొడుగుల్లో, బాగా మాగిన చీజ్‌లో అది పుష్కలంగా ఉంటుంది. చీజ్ ఖరీదే, కానీ ఒక చిన్న ముక్క తురిమితే పెద్ద గిన్నెడు కూరకి సరిపోతుంది. ఖరీదైనదాన్ని కూరలా కాకుండా ఉప్పులా వాడుకోవాలి. నాకు తెలిసిన పెద్ద చిట్కా ఇదే.

రాత్రిషిఫ్టు

అక్కా, మీరు రాసినవి నోరూరిస్తున్నాయి. కానీ నలభై నిమిషాలు అని ఎంత తేలిగ్గా రాసేశారండీ!

నేను రెండు చోట్ల పనిచేస్తాను. ఇంటికొచ్చేసరికి నిలబడే ఓపిక ఉండదు. ఒకటే పొయ్యి, ఫ్రిజ్ లేదు, గదిలో ఇద్దరం ఉంటాం. "ఒకేసారి ఎక్కువ కొంటే చవక" అని అందరూ చెబుతారు. ఆ ఎక్కువకి సరిపడా డబ్బు ఒకేసారి చేతిలో ఉండాలి కదా? నేను పావుకిలో చొప్పున కొంటాను, కిలోకి లెక్కేస్తే మీకంటే నాకే ఎక్కువ పడుతుంది. తెలియక కాదు. నెల మొదట్లో వచ్చిన డబ్బు మొదటి వారంలోనే వేరే వాటికి పోతుంది.

లెక్కలపుస్తకం గారు అడిగిన రెండో ప్రశ్నకి నా జవాబు: తక్కువ డబ్బుతో బాగా తినొచ్చు, నిజమే. డబ్బు బదులు టైము పెట్టాలి. రెండూ లేనివాళ్ళం కూడా ఉన్నాం.

పట్టికలు

రాత్రిషిఫ్టు చెప్పినదానికి ఒక పాత ఆధారం ఉంది. ఎర్న్‌స్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంక శాస్త్రవేత్త 1857లో బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చుల లెక్కలు పరిశీలించి ఒక సంగతి చెప్పాడు. ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుంది. ఆ తర్వాత ఎన్నో దేశాల లెక్కలు అదే చూపించాయి. లెక్కలపుస్తకం గారికి తిండి పద్దు పెద్దగా కనిపించడానికి కారణం మీరు ఎక్కువ తినడం కాదు, జీతం సగమవడం. పెద్దగా కనిపించిన పద్దునే కోయాలనిపిస్తుంది. కానీ కడుపులు అప్పుడెన్నో ఇప్పుడూ అన్నే కదా.

రెండుపొయ్యిలు

రాత్రిషిఫ్టు తమ్ముడూ, నువ్వన్నది నిజం. నలభై నిమిషాలు నాకున్నాయి కాబట్టి రాశాను. ఇంకోలా చెప్పాల్సింది.

మనిషి నిలబడక్కర్లేని వంటలు కొన్ని ఉన్నాయి. రాజ్మా, అలసందల్లాంటి ఎండు గింజలు పడుకునే ముందు నానబెడితే ఆ ఎనిమిది గంటలూ నీవి కావు, వాటివే. ఉడికాక బరువు రెట్టింపు దాటుతుంది. ఎండు గింజల్లో ఐదో వంతు పైనే మాంసకృత్తులు. ఒక్క జాగ్రత్త. రాజ్మా అయితే నానిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం పది నిమిషాలు తెర్లనివ్వాలి. వాటిలో సహజంగా ఉండే ఒక విషపదార్థం అప్పుడే పోతుంది. సన్నటి వేడి మీద గంటల తరబడి పెడితే పోదు, ఇంకా పెరగొచ్చు కూడా.

ఫ్రిజ్ లేదన్నావు కాబట్టి ఇది కూడా చెప్పాలి. వండినది బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు. ముఖ్యంగా అన్నం. అందులో ఉండే ఒక బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. ఫ్రిజ్ ఉన్నవాళ్ళు 5 డిగ్రీల లోపు పెట్టుకుని, మళ్ళీ తినేటప్పుడు లోపలి దాకా పొగలు కక్కేలా వేడి చేసుకోవాలి. నీలాంటివాళ్ళు పూటకి సరిపడానే వండుకోవడం మంచిది. ఉడికించిన గుడ్లు, వేయించిన పల్లీలు, కడిగి కోసుకుంటే చాలన్న కూరగాయలు ఉంటే పొయ్యి ఒక్కసారే వెలిగించొచ్చు. పావుకిలో కొన్నా పర్వాలేదు, ఆ పావుకిలో మొత్తం కడుపులోకే వెళ్తోంది.

ఆఖరికంచం

ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈ చర్చ చూశాక ఆగలేకపోయాను.

అందరూ "తిండి ఖర్చులో కోత" అని రాస్తున్నారు. ఆ కోత ఎవరి కంచంలో పడుతుందో ఒక్కరూ రాయలేదు. మా ఇంట్లో అది నా కంచంలో పడింది. ఎవరూ తగ్గించమని చెప్పలేదు. గుడ్లు మూడే ఉంటే ముగ్గురికి పెట్టేదాన్ని, నేను నాలుగో మనిషిని. పాలు పిల్లలకి, పళ్ళు అత్తగారికి. నేను చివర్లో గిన్నె తుడుచుకుని తిని, మీద ఒక టీ తాగేదాన్ని. ఆకలి తెలిసేది కాదు. రెండేళ్ళకి మెట్లెక్కితే ఆయాసం. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ బాగా తక్కువ. డాక్టరమ్మ అడిగింది, "భోజనంతో పాటు టీ తాగుతారా?" అని. గింజల్లో, ఆకుకూరల్లో ఉన్న ఇనుమును టీ, కాఫీ ఒంటికి పట్టనివ్వవట. అదే అన్నంలో నిమ్మరసమో, వండని టమాటానో, ఏదైనా పుల్లటి పండో ఉంటే బాగా పడుతుందట. మందులకీ పరీక్షలకీ అయిన ఖర్చు చూస్తే, ఆ రెండేళ్ళలో నేను మిగిల్చానని సంబరపడ్డదంతా అందులోకే పోయింది.

అప్పుతీరినవాడు గారూ, తప్పుగా అనుకోకండి. ఆ నాలుగేళ్ళు మీ ఇంట్లో ఆఖరున తిన్నది ఎవరు?

లెక్కలపుస్తకం గారూ, మీ ఆవిడ తిండి దగ్గర తగ్గించొద్దని ఎందుకంటోందో ఒకసారి అడగండి. రుచి కోసమే కాకపోవచ్చు.

అప్పుతీరినవాడు

మీరు అడిగింది రెండు రోజులు నా మనసులో నలిగింది. నిన్న మా ఆవిడని అడిగాను. "ఇప్పుడెందుకవన్నీ" అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు. నాకు అర్థమైంది.

అయినా నా మాటలో ఒక భాగం మీద నిలబడతాను. బాగా తినడం వేరు, బయట తినడం వేరు. అప్పున్న ఇంట్లో డబ్బు ఎక్కువగా కారేది రెండో దాని దగ్గరే. మా పుస్తకంలో అదే కనిపించింది. లెక్కలపుస్తకం గారూ, ఆఫీసు నుంచి వస్తూ తింటున్నానన్నారు కదా, అది ఏ పద్దు కింద రాస్తున్నారు?

నెలకోసారి

మేం నెలంతా సాదాగా తిని, జీతం వచ్చిన ఆదివారం మాత్రం అందరికీ ఇష్టమైనది చేసుకుంటాం. పిల్లలు దాని కోసం ఎదురుచూస్తారు. మాకిది బాగానే నడుస్తోంది.

రెండుపొయ్యిలు

ఆ ఎదురుచూడటంలో ఆనందం ఉంది, కాదనను. కానీ మిగతా ఇరవైతొమ్మిది రోజులు శిక్షలా మారితే నేనైతే ఆ ఒక్క రోజు ఖర్చుని నాలుగు వారాలకి పంచేస్తాను. ఒక వారం వెన్న, ఒక వారం చేప, ఒక వారం మంచి పళ్ళు. ఎవరిల్లు వారిది.

లెక్కలపుస్తకం

అందరికీ జవాబివ్వడం ఆలస్యమైంది. పుస్తకం మొదటి నుంచి మళ్ళీ చూశాను. అప్పుతీరినవాడు గారు అడిగింది ముందు చెబుతాను. బయట తిన్నదంతా "ప్రయాణం" కింద రాసుకున్నాను. ఆఫీసు దారిలోదే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కూడితే, ఇంట్లో ఆపేసిన పళ్ళు, వెన్న రెండింటి ఖర్చు కంటే ఎక్కువే తేలింది. పిల్లలకి పళ్ళు మాన్పించి నేను బయట తిన్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ మీరందరూ ఇంత నిజంగా రాశాక దాచబుద్ధి కాలేదు.

ఆఖరికంచం గారూ, అడిగాను. మూడు నెలలుగా పొద్దున ఏమీ తినకుండానే మధ్యాహ్నం దాకా ఉంటోందట. నాకు తెలియనే తెలియదు.

నిన్న ఇద్దరం కూర్చుని పద్దులు మళ్ళీ వేసుకున్నాం. నా బయటి తిండి పద్దు మూసేశాం, ఆ డబ్బుతో గుడ్లు, పళ్ళు మళ్ళీ మొదలు. గుడ్లు నలుగురికీ లెక్కేసే కొంటాం. వెన్న వచ్చే నెల చూస్తాం. ఉల్లిపాయలు ఆదివారం నేను వేయిస్తాను. రేపటికి గింజలు కూడా ఇవాళ నేనే నానబెడుతున్నాను. రెండుపొయ్యిలు గారూ, ఒక్క సందేహం. నానబెట్టే నీళ్ళలో ఉప్పు వేయొచ్చా? వేస్తే గింజ గట్టిపడుతుందని మా ఇంట్లో అంటున్నారు.

రెండుపొయ్యిలు

వేయండి. గట్టిపడదు, పైతొక్క మెత్తబడుతుంది, ఉప్పు లోపలి దాకా పడుతుంది. గట్టిపరిచేది పులుపు. టమాటా, నిమ్మకాయ లాంటివి గింజ వేలితో నొక్కితే మెదిగే దాకా వేయకండి. మీ ఇంటి నీళ్ళలో సున్నం ఎక్కువైతే కూడా ఆలస్యంగా ఉడుకుతాయి, కంగారుపడి మంట పెంచకండి. రేపు ఎలా వచ్చాయో రాయండి.