గుల్‌మార్గ్‌లో భయపడేవాళ్ళని పైకి లాక్కెళ్ళాలా, కిందే వదిలేయాలా?

బ్రాడీపేట_అక్క:
ఫిబ్రవరిలో మా బెజవాడ–గుంటూరు ట్రెకింగు బ్యాచి స్కీయింగుకి మళ్ళీ గుల్‌మార్గ్ వెళ్తోంది. పోయినేడు నేను ఎక్కువసేపు కింద చిన్న వాలు మీదే గడిపాను. ఈసారి మొదటిరోజే అందరూ గొండోలా (తీగల మీద నడిచే కేబుల్ కారు) ఎక్కి, దాని మధ్య స్టేషను కొంగ్‌డూరి నుంచి స్కీల మీద దిగాలట, భయానికి అదే మందట. నేను మెల్లగా దిగే మనిషిని. కాస్త జోరందుకుంటే చాలు, తొడలు బిగుసుకుపోయి ఊపిరాడదు. వెళ్ళమంటారా, కిందే సాధన చేసుకోమంటారా? మంచు మీదకి వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

పటమట_పులి:
వెళ్ళండి, ఇందులో ఆలోచించేదేముంది? కింద ఉన్నన్నాళ్ళూ కిందే ఉంటారు. నాకు ఈత ఎలా వచ్చిందనుకున్నారు? మా మేనమామ సీతానగరం రేవులో తోసేశాడు. ఒడ్డున కూర్చుని పాఠాలు వింటే ఎవడికీ ఏదీ రాదు.

మిర్చియార్డు:
సాక్సులు ఎన్ని జతలు వేసుకున్నారు అక్కా?

గాంధీకొండ:
పులిగారూ, రేవులో తోసిన మేనమామ పక్కనే ఉంటాడు. వాలు మీద మీరు దూసుకుపోయాక ఆవిడ పక్కన ఎవరుంటారు?

అక్కా, లోయవైపు చూడగానే ఒళ్ళు దానంతటదే వెనక్కి వాలుతుంది. బరువు మడమల మీదకి పోయిందా, స్కీల ముందు కొసలు తేలిపోతాయి, తిప్పినా తిరగవు. తిరక్కపోతే జోరు పెరుగుతుంది, జోరు పెరిగితే ఇంకా వెనక్కి వాలతాం. దీన్ని నిటారు వాలు మీద ఎవరూ సరిచేసుకోలేరు. కాలి ముందు ఎముక బూటు నాలుకకి ఆనించి నిలబడడం చదునైన చోటే అలవాటవ్వాలి. తర్వాత సైడ్ స్లిప్ నేర్చుకోండి. వాలుకి అడ్డంగా నిలబడి స్కీలు కాస్త చదును చేస్తే పక్కకి జారతారు, ఎగువ అంచులు నొక్కితే ఆగుతారు. అదొక్కటి వస్తే ఎంత నిటారుగా ఉన్నా పరువుతో దిగిరావచ్చు. మలుపు తిప్పినప్పుడు స్కీలు కొద్దిగా ఎగువవైపు చూసేదాకా తిప్పండి, జోరు దానంతటదే చస్తుంది.

ఏలూరురోడ్డు:
ఇంత పాఠం ఎందుకు బాసూ. స్నోప్లౌ చాలు. ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా. అదే బ్రేకు.

పటమట_పులి:
ఆ స్నోప్లౌ వల్లే అక్క తొడలు పట్టేస్తున్నాయి! దాంతోనే దిగేవాళ్ళు మధ్యాహ్నానికల్లా కూలబడతారు. ప్యారలల్, అంటే రెండు స్కీలూ సమానంగా పక్కపక్కనే పెట్టి తిరగడం, రావాలంటే కొంచెం జోరుండాలి, జోరు రావాలంటే వాలుండాలి. కింద అది దొరకదు.

గాంధీకొండ:
మొదట ఎవరికైనా నేర్పేది స్నోప్లౌనే. మీకూ అదే నేర్పి ఉంటారు.

పటమట_పులి:
నేర్పారు, గంటలో వదిలేశా.

గాంధీకొండ:
అందరూ మీలా గంటలో వదిలేయాలా?

మిర్చియార్డు:
నా ప్రశ్నకి ఎవరూ జవాబివ్వట్లేదు. మనవాళ్ళు చలికి భయపడి రెండు మూడు జతలు తొడిగి, అవి పట్టడానికి ఒక సైజు పెద్ద బూటు అద్దెకి తీసుకుంటారు. లోపల మడమ లేస్తుంటే స్కీ మాట ఎలా వింటుంది? పొడవాటి పల్చటి సాక్సు ఒక్క జత. బకిళ్ళు పెట్టాక మోకాళ్ళు ముందుకి వంచితే వేళ్ళు బూటు కొస నుంచి కొంచెం వెనక్కి రావాలి. అదీ సైజంటే.

బ్రాడీపేట_అక్క:
రెండు జతలు. బూటు వదులుగానే ఉండేది.

మిర్చియార్డు:
ఇక చాలు, తీర్పు చెప్పేయొచ్చు.

పటమట_పులి:
సాక్సు మారిస్తే ధైర్యం వస్తుందా తమ్ముడూ? ఇంకో సంగతి ఎవరూ చెప్పట్లేదు. దారి మధ్యలో మెల్లగా దిగేవాళ్ళ వల్ల వెనకొచ్చేవాళ్ళకి ప్రమాదం.

గాంధీకొండ:
తప్పు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య నియమాలు 10 ఉన్నాయి. మూడోది చూడండి, ముందున్నవాళ్ళకి అపాయం లేకుండా దారి ఎంచుకోవాల్సింది వెనక నుంచి వచ్చేవాడే. మెల్లగా వెళ్ళేవాళ్ళు ఇరుకు దారుల్లో, వెనకవాళ్ళకి కనబడనిచోట ఆగకపోతే చాలు.

మీలాంటివాళ్ళని చూశాను లెండి. ఉత్తరాఖండ్‌లోని ఔలిలో స్కీయింగుకి వెళ్ళినప్పుడు మా బావమరిది మా ఆవిణ్ణి ఇలాగే పైకి తీసుకెళ్ళి, "నన్ను చూస్తూ రా అక్కా" అని వెళ్ళిపోయాడు. ఆవిడ స్కీలు విప్పి భుజానేసుకుని నడిచి దిగింది. ఇప్పుడు మంచు మాటెత్తనివ్వదు.

పటమట_పులి:
మీ బావమరిది మీద కోపం నా మీద చూపించకండి. నియమాలు చదవడం తేలికే, మైనస్ డిగ్రీల్లో నిలబడితే తెలుస్తుంది. పోయినేడు ఒక్కరి కోసం కొంగ్‌డూరి కింద మలుపులో ఐదుగురం గంటసేపు నిలబడ్డాం. చలికి నా ఫోను ఆగిపోయింది. దిగేసరికి ఇంకోసారి ఎక్కే టైము లేదు. సెలవులు పెట్టి, అంత ఖర్చు పెట్టి పోతే మాకు దక్కింది అదీ. మా సంగతి ఎవరడుగుతారు?

బ్రాడీపేట_అక్క:
ఆ ఒక్కరూ నేనే కదా? సీతానగరం రేవు చదవగానే అనుమానమొచ్చింది. రైల్లో ఆ కథ రెండుసార్లు విన్నాను.

ఆగమని నేను అడగలేదు పులిగారూ. ఇన్‌స్ట్రక్టరు నా పక్కనే ఉన్నాడు, మీరు వెళ్ళిపోవాల్సింది. ఐదుగురు కింద నిలబడి పైకి చూస్తూ, అందులో ఒకాయన ఫోనెత్తి వీడియో తీస్తుంటే వచ్చిన మలుపు కూడా రాదు.

పటమట_పులి:
వీడియో నేను తీయలేదు. వెళ్ళిపోతే వదిలేసి పోయారంటారు, ఆగితే ఎందుకాగారంటారు. బ్యాచితో వచ్చిన మనిషిని కొండ మీద వదిలి ఎలా దిగుతాం? అందుకే మొదటిరోజే మీకు అలవాటు చేయిద్దామన్నాను. మీరు అందుకుంటే అందరం కలిసి తిరగొచ్చు.

బ్రాడీపేట_అక్క:
నేను అందుకోవాలని మీకుంది, నాకు లేదు. నాకు మెల్లగా దిగడమే ఇష్టం. మలుపు మలుపుకీ ఆగి, చెట్లు చూసుకుంటూ దిగుతాను. కొంగ్‌డూరికి ఇంకా పైనున్న అఫర్వత్ శిఖరం నాకు ఈ జన్మకి అక్కర్లేదు. అదేదో జబ్బైనట్టు అందరూ మందులు చెప్తారేంటి?

ఏలూరురోడ్డు:
గుల్‌మార్గ్ ప్రాంతం కుర్రాడు ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ ఒలింపిక్స్ జెయింట్ స్లాలంలో (జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే స్కీ పోటీ) 45వ స్థానంలో వచ్చాడు. ఆ రోజు మంచు కురుస్తుంటే చాలామంది పూర్తే చేయలేదు. చెప్పాలనిపించింది.

గాంధీకొండ:
దీనికీ దానికీ సంబంధమేంటి?

ఏలూరురోడ్డు:
ఏమో.

బ్రాడీపేట_అక్క:
ఉదయంపూట నేను విడిగా ఇన్‌స్ట్రక్టరుని పెట్టుకుని కిందే నేర్చుకుంటాను. సైడ్ స్లిప్ వచ్చాక నాకు నచ్చిన రోజు పైకి వస్తాను, నా కోసం ఎవరూ ఆగక్కర్లేదు. మధ్యాహ్నం భోజనానికి కలుద్దాం. గ్రూపు ఇన్‌స్ట్రక్టరు ఖర్చులోంచి నా పేరు తీసేయండి.

పటమట_పులి:
తీసేస్తే మిగతావాళ్ళకి తలా ఎంత పెరుగుతుందో చూశారా? అందరి లెక్కా వేసి అడ్వాన్సు కట్టేశాను.

బ్రాడీపేట_అక్క:
అడ్వాన్సులో నా వాటా తిరిగి అడగను. మిగతాది ఇవ్వను.

పటమట_పులి:
వాట్సాప్‌లో మాట్లాడదాం అక్కా.

మిర్చియార్డు:
ఇక్కడే మాట్లాడుకోండి, మేమూ వింటాం.