ఎల్ఎంఎస్ ఈక్వలైజర్ ఫేడింగ్‌లో అదుపు తప్పుతోంది, మల్టిప్లయర్లూ చాలడం లేదు

ప్రశ్న: నమస్కారం. వైర్‌లెస్ రిసీవర్ కోసం ఈక్వలైజర్ (ప్రతిధ్వనులతో కలగలిసిన సిగ్నల్‌ని సరిచేసే ఫిల్టర్) చేస్తున్నాను. క్యూపీఎస్‌కే (ఒక్కో సింబల్, అంటే ఒకసారి పంపే సంకేతం, నాలుగు విలువల్లో ఒకటి), సెకనుకు 50 లక్షల సింబళ్లు. ప్రతిధ్వనులు 2 మైక్రోసెకన్ల దాకా వస్తున్నాయి, అంటే 10 సింబళ్ల పొడవు. సింబల్‌కి రెండు శాంపిళ్లు, 64 ట్యాపులు (ఫిల్టర్ గుణకాలు), ఎర్రర్ చూసి వాటిని కొంచెం కొంచెంగా సరిచేసే ఎల్ఎంఎస్ పద్ధతి, ఒక్కోసారి ఎంత సరిచేయాలో చెప్పే స్టెప్ సైజు 0.01. ఇన్‌పుట్ సగటు పవర్ 1 ఉండేలా ఏజీసీ (సిగ్నల్ స్థాయిని తనంతట సర్దే భాగం) చూస్తుంది. ముందే తెలిసిన సింబళ్లు పంపే ట్రైనింగ్‌లో బాగానే కుదురుకుంటుంది. ఆ తర్వాత వచ్చిన సింబల్ ఏదో తానే నిర్ణయించుకుని, ఆ సొంత నిర్ణయాల మీద నడిచేటప్పుడు సిగ్నల్ ఒక్కసారి పెరిగిందంటే ట్యాపుల విలువలు ఎటో పోతున్నాయి. పైగా ఎఫ్‌పీజీఏలో (మనకు కావాల్సిన సర్క్యూట్ రాసుకునే చిప్‌లో) 512 మల్టిప్లయర్లు కావాలంటోంది, క్లాక్ 200 మెగాహెర్ట్జ్. ఆర్ఎల్ఎస్ అనే ఇంకో పద్ధతికి మారితే ఈ సమస్య పోతుందా? గడువు దగ్గరపడి టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆర్ఎల్ఎస్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. అది త్వరగా కుదురుకునే మాట నిజమే కానీ లెక్కల భారం ట్యాపుల సంఖ్య వర్గంతో పెరుగుతుంది, ఫిక్స్‌డ్ పాయింట్‌లో (పరిమిత బిట్ల లెక్కల్లో) నిలకడగా ఉంచడం కష్టం. 1960లో విడ్రో, హాఫ్ ఇచ్చిన ఎల్ఎంఎస్‌ని ఇప్పటికీ రిసీవర్లలో వాడుతున్నారంటే అది చవక కాబట్టే.

మీ అంకెలే అసలు సంగతి చెబుతున్నాయి. స్టెప్ సైజుకి పై హద్దు సుమారుగా 2 ÷ (ట్యాపులు × పవర్). పవర్ 1 అయితే 0.031. ఫేడింగ్ (సిగ్నల్ బలహీనపడటం) నుంచి తేరుకునేటప్పుడు ఏజీసీ అందుకునేలోపు పవర్ 6 డీబీ, అంటే సుమారు నాలుగు రెట్లు, పెరిగిందనుకోండి, హద్దు 0.0078కి దిగుతుంది. మీ 0.01 దాన్ని దాటిపోయింది. అంతా బాగున్నప్పుడు కూడా ఆ స్టెప్ వల్ల మిగిలే ఎర్రర్ పవర్ ఉండాల్సినదానికంటే దాదాపు 47 శాతం ఎక్కువ.

ఎన్ఎల్ఎంఎస్‌కి, అంటే పవర్‌ని బట్టి స్టెప్ సర్దుకునే ఎల్ఎంఎస్‌కి, మారండి. ట్యాపుల్లో ఉన్న శాంపిళ్ల మొత్తం పవర్‌తో స్టెప్‌ని భాగిస్తే చాలు. ఆ మొత్తాన్ని ప్రతిసారీ మొదటినుంచి లెక్కించక్కర్లేదు, కొత్తగా వచ్చిన రెండు శాంపిళ్ల పవర్ కలిపి, బయటికి పోయిన రెండింటిది తీసేయండి. నిజంగా భాగహారం చేయాల్సిన పని కూడా లేదు, పవర్‌ని దగ్గర్లోని 2 ఘాతానికి (2, 4, 8 లాంటి సంఖ్యకి) సరిచేస్తే బిట్లను పక్కకి జరిపే షిఫ్ట్‌తో అయిపోతుంది. స్టెప్‌ని 1/8తో మొదలుపెట్టండి.

ఇంకొకరి జవాబు: మల్టిప్లయర్ల గురించి. 512 అంటే మొత్తం సమాంతరంగా పెట్టినట్టున్నారు. 200 మెగాహెర్ట్జ్ క్లాక్‌కి ఒక్కో సింబల్‌లో 40 క్లాకులు దొరుకుతాయి కదా! ఒకే మల్టిప్లయర్‌ని 40 సార్లు వాడితే 512 కాస్తా 13 అవుతాయి.

నేనైతే ఇంకో అడుగు ముందుకేసి డీఎఫ్ఈ (ఇప్పటికే నిర్ణయమైన సింబళ్ల ప్రతిధ్వనిని తీసేసే ఈక్వలైజర్) పెడతాను. ముందు భాగంలో 20 ట్యాపులు, వెనక భాగంలో 10. వెనక భాగంలోకి వెళ్లేవి నిర్ణయమైపోయిన క్యూపీఎస్‌కే సింబళ్లు, వాటిలో ఉండేవి ప్లస్ ఒకట్లు, మైనస్ ఒకట్లే. అక్కడ గుణకారమే ఉండదు, కూడికలు, తీసివేతలతో ఫిల్టరూ నడుస్తుంది, అప్‌డేటూ నడుస్తుంది. ముందు భాగానికి, ట్యాపుకి 8 చొప్పున, సింబల్‌కి 160 గుణకారాలు, అంటే 4 మల్టిప్లయర్లు. పైప్‌లైన్ ఆలస్యం ఉంటుంది కాబట్టి 6 పెట్టుకోండి. ఒక జాగ్రత్త: ఒక నిర్ణయం తప్పితే తర్వాతి 10 సింబళ్ల మీద దాని నీడ పడుతుంది. అందుకే ఇన్ని సింబళ్లయ్యాక అని లెక్కపెట్టి ట్రైనింగ్ ఆపకండి. సగటు ఎర్రర్ పవర్‌ని గమనిస్తూ, సిగ్నల్ కంటే కనీసం 10 డీబీ కిందకి దిగాకే సొంత నిర్ణయాలకు మారండి. మళ్లీ పైకెక్కితే అప్‌డేట్ ఆపేసి తర్వాతి ట్రైనింగ్ కోసం ఆగండి.

అడిగినవారు: ఎన్ఎల్ఎంఎస్‌తో ట్యాపులు నిలబడ్డాయి, చాలా థ్యాంక్సండీ. ఇప్పుడు అవుట్‌పుట్ ప్లాట్‌లో క్యూపీఎస్‌కే విలువల చుక్కలు నాలుగూ నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతున్నాయి. స్టెప్ పెంచితే కొంచెం ఆగుతున్నాయి కానీ చుక్కలు పలచబడి మసకగా అవుతున్నాయి.

జవాబు: అది పంపే వైపుకీ రిసీవర్‌కీ మధ్య క్యారియర్ ఫ్రీక్వెన్సీ తేడా. దాని వెంట పరిగెత్తే పని ఈక్వలైజర్‌కి అప్పగించకండి, చిన్న స్టెప్‌తో అది అందుకోలేదు. ముందు భాగం ఫిల్టర్ అవుట్‌పుట్ తర్వాత, వెనక భాగం అవుట్‌పుట్‌ని తీసివేయకముందే, రెండో ఆర్డర్ ఫేజ్ లూప్ (కోణాన్నీ, అది మారే వేగాన్నీ వెంబడించేది) పెట్టి తిప్పుడు తీసేయండి. నిర్ణయం దగ్గర వచ్చే ఎర్రర్ ఆ తిప్పుడు తీసేశాకది. ముందు భాగం ట్యాపులకి పంపేముందు దాన్ని మళ్లీ అదే కోణంతో వెనక్కి తిప్పాలి. ఇది వదిలేస్తే అప్‌డేట్ తప్పు దిశలో పోతుంది. వెనక ట్యాపులకి మాత్రం ఎర్రర్ ఉన్నదున్నట్టే ఇవ్వండి. సూత్రంలో కాంజుగేట్ (సంకీర్ణ సంఖ్యలో ఊహా భాగం గుర్తు మార్చడం) దేనికుందో కూడా ఒకసారి చూసుకోండి.

ఇంకొకరి జవాబు: ఫిక్స్‌డ్ పాయింట్‌కి వెళ్లేముందు ఒక మాట. ట్యాపుల్ని 24 బిట్లలో దాచి, ఫిల్టర్‌కి పై 16 బిట్లే ఇవ్వండి. మొత్తం 16లోనే ఉంచితే చిన్న అప్‌డేట్లు సున్నాకి కుదించుకుపోయి, ఎర్రర్ ఇంకా ఉండగానే ట్యాపులు కదలడం మానేస్తాయి. సింబల్‌కి రెండు శాంపిళ్లు వాడుతున్నారు కాబట్టి సిగ్నల్ లేని పౌనఃపున్యాల్లో ట్యాపులు ఎటైనా జారొచ్చు, ఔట్‌పుట్‌లో అది కనిపించదు. ప్రతి అప్‌డేట్‌లో ట్యాపుని రవ్వంత సున్నా వైపు లాగితే ఆ జారుడు ఆగుతుంది. లాగుడు మరీ ఎక్కువైతే ఎర్రర్ పెరుగుతుంది, కాబట్టి స్టెప్ కంటే బాగా చిన్నదిగా పెట్టండి.