4 టీబీ డిస్కులో 2 టీబీ దాటి పార్టిషన్ రావడం లేదు

గాజువాక నుంచి:
పెళ్ళి వీడియోల ఎడిటింగ్ చేస్తుంటానండి, కంప్యూటర్‌లో విండోస్ బదులు ఉబుంటు వాడతాను. మొన్న ద్వారకానగర్‌లో 4 టీబీ హార్డ్ డిస్క్ కొన్నాను. డిస్కును భాగాలుగా (పార్టిషన్లుగా) విడదీసే జీపార్టెడ్ ప్రోగ్రాంలో ఎప్పటిలాగే ఎంఎస్‌డాస్ టేబుల్ (ఆ భాగాల పట్టిక) పెట్టాను. 2 టీబీ దాకా పార్టిషన్ వచ్చింది. మిగతాది బూడిద రంగులో ఖాళీగా కనిపిస్తోంది, తీసుకోబోతే ఎర్రర్. మొత్తం సైజు కూడా 3.64 అనే చూపిస్తోంది. నకిలీ సరుకు అంటగట్టారేమోనని టెన్షన్‌గా ఉంది. మూడు పెళ్ళిళ్ళ ఫుటేజీ అప్పుడే అందులో పెట్టేశాను.

మధురవాడ నుంచి:
మీరు చెప్పిన గుర్తులు మంచి డిస్కుకీ ఉంటాయండి, షాపుకు గొడవకు వెళ్ళకండి. 4 లక్షల కోట్ల బైట్లను కంపెనీ 4 టీబీ అంటుంది. జీపార్టెడ్ వెయ్యికి బదులు 1024 లెక్కన కడుతుంది కాబట్టి అదే 3.64 అవుతుంది.

2 టీబీ దగ్గర ఆపింది ఎంఎస్‌డాస్ టేబుల్. 1983 నాటి పద్ధతి అది. పార్టిషన్ ఎక్కడ మొదలైందో, ఎంత పొడవో 32 బిట్ల అంకెల్లో రాసుకుంటుంది. ఆ అంకె దాదాపు 429 కోట్ల దాకానే వెళ్తుంది. అది లెక్కపెట్టేది సెక్టార్లను, అంటే డిస్కులోని చిన్న గడులను. సెక్టారుకు 512 బైట్లు వేసి గుణించండి, సుమారు 2.2 లక్షల కోట్ల బైట్లు వస్తాయి. ఆపైన చోటున్నా రాసుకోవడానికి అంకె చాలదు. దాని తర్వాత వచ్చిన జీపీటీ అనే టేబుల్‌లో 64 బిట్లు ఉంటాయి, ఈ ఇబ్బంది రాదు.

కానీ కొత్త టేబుల్ పెడితే డిస్కులో ఉన్నది పోతుంది. కాబట్టి ముందు ఆ ఫుటేజీ వేరే డిస్కులోకి కాపీ చేసి, రెండు మూడు ఫైళ్ళు ప్లే చేసి చూసుకోండి. డేటా పోకుండా జీపీటీకి మార్చే దారి ఉంది, ఒక్కటే కాపీ ఉన్నప్పుడు మాత్రం నేను చేయమనను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు గదిలోకి నీళ్ళు వచ్చి మా పాప చిన్నప్పటి ఫోటోలున్న డిస్క్ పోయింది. ఇంకో కాపీ లేదు. పెళ్ళి మళ్ళీ తీయలేం కదండీ.

తర్వాత జీపార్టెడ్‌లో కుడివైపు పైన డిస్క్ పేరు పక్కనే సైజు ఉంటుంది, అక్కడ 3.64 ఉందో లేదో చూడండి. డిస్కుల పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని ఉంటాయి, ఒక్క అక్షరమే తేడా, పొరపాటున వేరే డిస్క్ ఎంచుకోకండి. పార్టిషన్‌ను అన్‌మౌంట్ చేసి (వాడకం నుంచి తప్పించి), డివైస్ మెనూలో క్రియేట్ పార్టిషన్ టేబుల్ నొక్కి జీపీటీ ఎంచుకోండి. మిగతా మార్పులు ఆకుపచ్చ టిక్ నొక్కేదాకా ఆగుతాయి. ఇది మాత్రం ఆ చిన్న కిటికీలో అప్లై నొక్కగానే జరిగిపోతుంది, వెనక్కి తీసుకోలేం. ఆపైన ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌తో (ఫైళ్ళు అమర్చే పద్ధతి) ఒకే పార్టిషన్ చేసుకోండి.

గాజువాక నుంచి:
అయిందండి, చాలా థ్యాంక్స్! మొత్తం చోటు వచ్చింది. కానీ ఏమీ పెట్టకముందే 3.6కి 3.4 మాత్రమే ఖాళీ అంటోంది. ఫోల్డర్ చేయబోతే పర్మిషన్ లేదంటోంది.

మధురవాడ నుంచి:
ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటు రూట్ (సిస్టమ్ అడ్మిన్ యూజర్) కోసం పక్కన పెడుతుంది. సిస్టమ్ ఉన్న డిస్కుకు అది అవసరం, వీడియోలు దాచే డిస్కుకు అక్కర్లేదు. ట్యూన్‌2ఎఫ్‌ఎస్ కమాండుకు మైనస్ ఎం, పక్కన సున్నా ఇస్తే ఆ చోటు తిరిగొస్తుంది. కొత్త పార్టిషన్ రూట్ పేరున ఉంటుంది కాబట్టి పర్మిషన్ అడుగుతోంది. డిస్క్ మౌంట్ అయిన (తెరుచుకున్న) ఫోల్డర్‌ను సుడోతో, అంటే అడ్మిన్ హక్కుతో, యజమానిని మార్చే చోన్ కమాండ్ ఇచ్చి మీ యూజర్ పేరుకు మార్చుకోండి.

భీమిలి నుంచి:
ఒక మాట. ఇదే డిస్కును పాత యూఎస్‌బీ అడాప్టరుకు తగిలిస్తే 1.8 టీబీగా కనిపించే అవకాశం ఉంది, నాకు అలాగే అయింది. 2.2 దాటిన అంకె పట్టక, పైన మిగిలిన భాగమే చూపిస్తుంది. అలా కనిపించినప్పుడు ఫార్మాట్ కొట్టకండి, అడాప్టర్ మార్చండి.