దూరపు గురి రైఫిల్ షూటింగ్ గురించి చదవదగ్గ పత్రిక ఏది?

కోట కూడలి, విజయనగరం:

అందరికీ నమస్కారం. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ రైఫిల్‌తో పాతిక మీటర్ల దూరాన పేల్చిన కొద్దిపాటి గుళ్లే నా అనుభవం. అయినా అప్పుడు పట్టుకున్న ఆసక్తి ఇరవై ఏళ్లయినా నన్ను వదలలేదు. వెయ్యి గజాల దూరానికి గురిపెట్టేవారు గాలిని ఎలా అంచనా వేస్తారు, తూటాకీ తూటాకీ మధ్య వేగంలో వచ్చే కొద్దిపాటి తేడా అంత దూరంలో ఎంత పెద్దదవుతుంది అనే విషయాలను క్రమంగా, నెలనెలా చదువుకోవాలని నా కోరిక.

ఆ మధ్య విశాఖపట్నంలో పాత పుస్తకాల దుకాణంలో ఒక విదేశీ పత్రిక సంచికలు నాలుగు కొన్నాను. సగం పేజీలు ప్రకటనలే, మిగిలినవి కొత్త రైఫిళ్ల పరిచయాలు. ప్రతి పరిచయం చివరా ఒకదాన్నొకటి తాకుతున్న మూడు చిల్లుల కాగితం ఫొటో, కొలత తెలియడానికి పక్కనే ఒక నాణెం. నాలుగు సంచికల్లోనూ ఫలానా రైఫిల్ బాగాలేదన్న మాట ఒక్కచోటా కనిపించలేదు. డబ్బు పెట్టి తెప్పించుకోదగ్గ పత్రిక ఏదో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మాజీ హవల్దార్, పలాస:

మాస్టారూ, మీ అనుమానం సరైనదే. మూడు గుళ్లు ఒకేచోట పడడం ఏ రైఫిల్‌కైనా ఏదో ఒక పూట జరుగుతుంది. అదే రైఫిల్‌తో వరుసగా పది గుళ్లు పేల్చి, పదింటినీ లెక్కలోకి తీసుకుంటే ఆ చిల్లుల గుంపు దాదాపు ప్రతిసారీ విచ్చుకుంటుంది, అసలు సంగతి అక్కడే తెలుస్తుంది. కాబట్టి ఏ పత్రికను చూసినా ముందు ఎన్ని గుళ్లు పేల్చారో, ఎంత దూరం నుంచో, గాలి ఎలా ఉందో రాశారా అని చూడండి. అవి రాయని వ్యాసాన్ని ప్రకటన కిందే జమ కట్టవచ్చు.

నా దృష్టిలో ఈ విద్యకు మేలు చేసిన పత్రిక ‘ప్రెసిషన్ షూటింగ్’. అమెరికాలో 1956లో మొదలై 2012లో ఆగిపోయింది. అందులో రాసినవారిలో ఎక్కువమంది పోటీల్లో పాల్గొనేవారే. ఫలించని ప్రయోగాన్ని కూడా కొలతలతో సహా వివరించేవారు. ఆగిపోయిన పత్రిక మనకెందుకని అనుకోకండి. మన శ్రీకాకుళంలో తెలుగు కథలనూ పాత పత్రికలనూ భద్రపరిచే కథానిలయం చూసినవారికి పాత సంచికల విలువ నేను వేరే చెప్పనక్కరలేదు. తూటా గాలిలో ప్రయాణించే తీరు 1970లో ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:

హవల్దారు గారి మాట కాదనను గానీ, ఒక సవరణ చెప్పాలి. ఆ పత్రికకు ప్రాణం బెంచ్‌రెస్ట్ పోటీలు. బల్ల మీద రైఫిల్‌ను ఆనించి, ఎక్కువగా వంద, రెండు వందల గజాల దూరానికి పేల్చే పద్ధతి అది. మాస్టారు అడిగినది వెయ్యి గజాల సంగతి. మామూలు పాయింట్ త్రీ నాట్ ఎయిట్ (అంగుళాల్లో అడ్డుకొలత) తూటా అంత దూరం చేరేసరికి వంద గజాలకు సరిచేసిన గురి నుంచి సుమారు పది మీటర్లు కిందికి దిగుతుంది. గంటకు పదహారు కిలోమీటర్ల అడ్డగాలి వీస్తే రెండు మీటర్లకు పైగా పక్కకు పోతుంది. కిందికి దిగడాన్ని లెక్కతో సరిచేయవచ్చు, గాలిని మాత్రం కన్నే చదవాలి.

అందుకని బోర్లా పడుకొని దూరానికి పేల్చేవారి రాతలు వెతకమంటాను. ఇంగ్లండులోని బిస్లీలో 1890 నుంచి ఈ పోటీలు జరుగుతున్నాయి. అక్కడి ‘కింగ్స్ ప్రైజ్’ అనే పోటీ చివరి అంచె 900, 1000 గజాల దూరాల్లోనే ఉంటుంది. ప్రస్తుతం వెలువడుతున్నవాటిలో అమెరికా నేషనల్ రైఫిల్ అసోసియేషన్ వారి ‘షూటింగ్ స్పోర్ట్స్ యూఎస్ఏ’ను ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవవచ్చు. మా అమ్మాయి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తోంది. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క అడ్డుకొలత అర మిల్లీమీటరే. ఆ దూరానికీ వెయ్యి గజాలకీ కూడా పనికొచ్చే వ్యాసాలు అందులో ఉంటాయి.

‘హ్యాండ్‌లోడర్’ మంచి పత్రికే గానీ, అది తూటాలు సొంతంగా నింపుకొనేవారికి ఉద్దేశించినది. మరొక మాట: ఒక ఏజెంటు ద్వారా విదేశీ పత్రికకు ఏడాది చందా కడితే మాకు ఆరింటిలో రెండు సంచికలే అందాయి. అచ్చు ప్రతి కోసం చందా కట్టే ముందు ఆలోచించండి.

మాజీ హవల్దార్, పలాస:

అమ్మాయి గారి తండ్రి చెప్పిన సవరణ న్యాయమైనదే. గాలిని కంటితో చదవడమంటే ఏమిటో మాస్టారు ఇంటి దగ్గరే చూడవచ్చు. ఎండవేళ దుర్భిణిని స్టాండు మీద కదలకుండా నిలిపి, దూరపు పొలం గట్టు మీదుగా ఆడే ఎండమావిని గమనించండి. గాలి లేనప్పుడు ఆ సెగ నిట్టనిలువునా లేస్తుంది. పిల్లగాలి వీస్తే పక్కకు ఒరుగుతుంది. గాలి ఇంకొంచెం పెరిగితే కాలువ నీరులా అడ్డంగా పారుతుంది. తాటాకు కదలకముందే అది మారుతుంది. సూర్యుణ్ణి మాత్రం దుర్భిణితో చూడవద్దు.

కోట కూడలి, విజయనగరం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఉచితంగా దొరికే పత్రికతో ఈ రాత్రికే మొదలుపెడతాను. ‘ప్రెసిషన్ షూటింగ్’ పాత సంచికల్లో బెంచ్‌రెస్ట్ కాకుండా గాలి గురించి ప్రత్యేకంగా రాసినవి హవల్దారు గారి దగ్గర ఉంటే, ఒక ఆదివారం పలాస వచ్చి అక్కడే కూర్చొని చదువుకొని వెళతాను.