స్తరీకరణమా, స్తరీభవనమా?

ప్రశ్న: సమాజశాస్త్రంలో "సామాజిక స్తరీకరణ – ప్రకార్యవాద దృక్పథం" అనే అధ్యాయం చదువుతున్నాను. విషయం అర్థమవుతోంది కానీ ఈ మాట దగ్గరే ఆగిపోతున్నాను. స్తరీకరణ అంటే ఎవరో పనిగట్టుకొని పొరలుగా చేయడం కదా? ప్రకార్యవాదులేమో (సమాజంలోని ఏర్పాట్లను అవి చేసే పనిని బట్టి వివరించేవారు) అది దానంతట అదే ఏర్పడిందంటారు. అలాంటప్పుడు "స్తరీభవనం" అనాలి కదండీ?

జవాబు: మీ సందేహం సరైన చోటే పుట్టిందండీ. నేనూ చాలాకాలం ఈ మాటను పట్టించుకోకుండా వాడుతూ వచ్చాను.

స్తరం అంటే పొర. పరచడం అనే అర్థమున్న స్తృ ధాతువు నుంచి వచ్చింది. ఆస్తరణం, విస్తరణ దీని తోబుట్టువులు. ఇంగ్లీషు పదం "స్ట్రాటిఫికేషన్"కు మూలమైన లాటిన్ "స్ట్రాటమ్" కూడా పరచడమనే అర్థం నుంచే పుట్టింది. ఇక "ఈ"కారం సంగతి. అంతకుముందు అలా లేనిది అలా కావడాన్ని సంస్కృత వ్యాకరణం అభూతతద్భావం అంటుంది. ఆ అర్థంలో చ్వి ప్రత్యయం చేరి "స్తర" కాస్తా "స్తరీ" అవుతుంది. దాని పక్కన అవడం అనే అర్థమున్న భూ ధాతువు వస్తే భవనం, చేయడం అనే అర్థమున్న కృ ధాతువు వస్తే కరణం. నీరు ఆవిరి కావడం బాష్పీభవనం. అందుకు ఎండ చాలు, ఎవరూ పూనుకోనక్కరలేదు. పరిశ్రమలను ప్రభుత్వం చేతిలోకి తీసుకోవడం జాతీయీకరణ. "జాతీయీభవనం" అని ఎవరూ అనరు.

ఈ లెక్కన మీరు చెప్పినదే సబబనిపిస్తుంది. ప్రకార్యవాద సమాజశాస్త్రవేత్తలు కింగ్‌స్లీ డేవిస్, విల్బర్ట్ మూర్ 1945లో రాసిన వ్యాసంలో అసమానతను సమాజాలు తమకు తెలియకుండానే రూపొందించుకున్న ఏర్పాటుగా వర్ణించారు. ముఖ్యమైన స్థానాల్లోకి తగినవారు వచ్చేలా చూడడం దాని పని. కొన్ని స్థానాలు సమాజం నిలబడడానికి మరీ ముఖ్యం. వాటికి కావలసిన ప్రతిభ అరుదు, లేదా శిక్షణ దీర్ఘం. అందుకే వాటికి ఎక్కువ ప్రతిఫలం, ఎక్కువ గౌరవం దక్కుతాయి. ఒక పని ఎంత ముఖ్యమైనదైనా దానికి మనుషులు సులువుగా దొరికితే పెద్ద ప్రతిఫలం అవసరం లేదని కూడా వారు స్పష్టంగానే చెప్పారు. ఈ మాటను చాలామంది వదిలేసి, "ముఖ్యమైన పనికి ఎక్కువ జీతం" అని కుదించి చెబుతారు. అది వారికి న్యాయం చేయదు.

ఇంత వాదంలోనూ కర్త కనిపించడు. ప్రతిఫలాన్ని నిర్ణయించేది "సమాజం" అంటారు, అంతే. వారి వరకు అది భవనమే.

మరొకరు: ఇంత తంటా ఎందుకు? "అంతస్తు" అని అచ్చంగా మనదనిపించే మాట ఉండనే ఉంది. మేడకూ అదే, మనిషి హోదాకూ అదే. "సామాజిక అంతస్తులు" అంటే సరిపోదా?

జవాబు: అంతస్తు నాకెంతో ఇష్టమైన మాటండీ. అయితే అది ఫలితాన్ని చెబుతుంది, ప్రక్రియను చెప్పదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. "వాళ్ల అంతస్తు వేరు" అన్నప్పుడు మన దృష్టి మనుషుల మీద, కుటుంబాల మీద ఉంటుంది. డేవిస్, మూర్ మాట్లాడినది స్థానాల గురించి. ఒక స్థానానికి మరోదానికన్నా గౌరవం ఎందుకెక్కువ అన్నది ఒక ప్రశ్న, ఆ స్థానంలోకి ఫలానావారే ఎలా వచ్చారన్నది మరో ప్రశ్న అని వారే విడదీశారు. అంతస్తు అనగానే ఆ రెండూ కలిసిపోతాయి.

మొదట అడిగినవారు: అయితే స్తరీభవనం అనేద్దామా?

జవాబు: అక్కడే నాకు అభ్యంతరం. ఆ మాట పెడితే ప్రకార్యవాదుల తీర్పును పదంలోనే ఒప్పుకున్నట్టవుతుంది. 1953లో సమాజశాస్త్రవేత్త మెల్విన్ ట్యూమిన్ వారికి జవాబు రాస్తూ అడిగినవి చూడండి. ఏ స్థానం ఎంత ముఖ్యమో కొలిచేదెలా? కర్మాగారానికి ఇంజనీర్లు ఎంత అవసరమో, నైపుణ్యం అక్కరలేని పని చేసే కార్మికులూ అంతే అవసరం కదా? పైగా పొరలు గట్టిపడేకొద్దీ కింది పొరలోని పిల్లల ప్రతిభ బయటపడే దారులే మూసుకుపోతాయి. ప్రతిభ అరుదు కాబట్టి పొరలు వచ్చాయనే వాదం ఇక్కడ తలకిందులవుతుంది. పొరల వల్లే ప్రతిభ అరుదుగా కనబడుతోందేమో! నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించింది ఈ ఒక్క వాదమే.

"ప్రకార్యం" అనే మాటనూ ఇలాగే పరీక్షించాలి. ఇది ఇంగ్లీషు "ఫంక్షన్"కు తెలుగు. అదే మాటను గణితంలో ప్రమేయం అన్నారు, జీవశాస్త్రంలో విధి అన్నారు. సమాజశాస్త్రంలో "విధి" అనకపోవడం మంచిదే అయింది, లేకపోతే తలరాత అనే అర్థం వెంట వచ్చేది. ప్రకార్యం అనగానే "దేని ప్రకార్యం" అని షష్ఠి పలుకుతుంది, "ఎవరికి" అనే చతుర్థి దాగిపోతుంది. ఒకరికి మేలు చేసే ఏర్పాటు మరొకరికి చేటు కావచ్చని, ఎవరికన్నది చెప్పి తీరాలని రాబర్ట్ మెర్టన్ 1949లోనే పట్టుబట్టారు. ఆయన కూడా ప్రకార్యవాదే.

అందుకని స్తరీకరణనే ఉంచండి. మీ నోట్సులో మాత్రం "స్తరీకరణ జరుగుతుంది" అని రాయకుండా "సమాజం స్తరీకరిస్తుంది" అని కర్తను పెట్టి రాసి చూడండి. ఆ "సమాజం" అన్నచోట నిజంగా ఎవరున్నారని తర్వాతి వాక్యంలో అడగవచ్చు.